నూట ఇరవై గంటలు: మా ఇంటి పసుపు ఎల్ ప్లేటు

(మన గుడి సభ్య కుటుంబాల సమావేశంలో, మధ్యాహ్న ప్రసాదానికి ముందు, సభ్య దంపతులు ఇద్దరూ కలిసి చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లల చదువుల గురించి గానీ, భాష గురించి గానీ మాట్లాడమని కమిటీవారు మమ్మల్ని అడిగారు. వాటి గురించి మాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. అందుకని మా ఇంట్లో దాదాపు ఏడాదిన్నర పాటు నడిచిన ఒక వ్యవహారం చెబుతామన్నాం. అది మా అమ్మాయి డ్రైవింగ్ లాగ్ బుక్ వ్యవహారం. ఇక్కడున్న కుటుంబాల్లో పదిహేను, పదహారేళ్ళ పిల్లలున్నవాళ్ళు చాలామంది. ఇవాళ కాకపోతే రేపు మీ ఇంటికీ ఆ పుస్తకం వస్తుంది.

ఎవరికైనా కొత్త కారు వస్తే ముందు గుడికే తీసుకొస్తాం. పంతులుగారు బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టిస్తారు. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు కదిలిస్తాం. మా అమ్మాయికి పదహారేళ్ళు నిండి, నాలెడ్జ్ టెస్ట్ పాసై, లెర్నర్ లైసెన్సు వచ్చిన జూన్ నెలలో మేమూ అలాగే వచ్చాం. కారు పాతదే, ఎల్ ప్లేట్లు మాత్రం కొత్తవి. పసుపు పచ్చటి ప్లేటు మీద నల్ల ఎల్ అక్షరం. పంతులుగారు నవ్వుతూ ఆ ప్లేటుకి కూడా కుంకుమ బొట్టు పెట్టారు. ఫోటోలు తీసుకున్నాం, వాట్సాప్‌లో ఊరికి పంపాం. కష్టమంతా ఆ తర్వాత మొదలైంది.

కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం నియమాలు ఒకసారి చెబుతాం. మన న్యూ సౌత్ వేల్స్‌లో 25 ఏళ్ళు నిండని లెర్నర్లు కనీసం 10 నెలలు ఎల్ మీద ఉండాలి. పక్కన ఒకరు కూర్చుని ఉండగా 120 గంటలు నడపాలి, అందులో 20 గంటలు రాత్రి పూట నడపాలి. ఇక్కడ రాత్రి అంటే సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా. ప్రతి ప్రయాణానికీ తేదీ, కారు నంబరు, బయల్దేరినప్పుడూ చేరినప్పుడూ మీటర్ మీద కిలోమీటర్లు, సమయం, రోడ్డు ఎలా ఉంది, వాతావరణం ఎలా ఉంది, ఇవన్నీ పుస్తకంలో రాయాలి. పక్కన కూర్చున్నవారు లైసెన్సు నంబరు వేసి సంతకం పెట్టాలి. పుస్తకం బదులు ఆమోదం పొందిన ఫోన్ యాప్‌లు కూడా ఉన్నాయి. ఇవన్నీ అయ్యి, హజార్డ్ టెస్ట్ పాసై, 17 ఏళ్ళు నిండితేనే డ్రైవింగ్ పరీక్ష, ఆ తర్వాతే ఎర్ర పీ ప్లేటు.

మన ఊళ్ళో ఎల్ లైసెన్సు తీసుకున్న 30 రోజులకే పక్కా లైసెన్సుకి వెళ్ళిపోవచ్చు. పాప వాళ్ళ నాన్న తెనాలిలో ఒక పాత అంబాసడర్ మీద పదిహేను రోజులు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నారు. అందుకే 120 గంటలంటే మొదట మాకు నవ్వొచ్చింది. ‘పది నెలలుంది కదా, వారానికి మూడు గంటలు, అదెంత’ అనుకున్నాం.

పది నెలలు గడిచాక, ఏప్రిల్‌లో ఒక ఆదివారం పుస్తకం తీసి కూడితే 31 గంటలు తేలింది. అందులో రాత్రి పూటవి రెండే రెండు.

ఎందుకలా అయిందో ఆ రాత్రి లెక్క వేసుకున్నాం. బయటికి చెప్పడానికి కారణాలు చాలా ఉన్నాయి. మా ఇంట్లో పక్కన కూర్చోగలిగింది ఒక్కరే. పక్కన కూర్చునేవారికి పూర్తి స్థాయి ఆస్ట్రేలియా లైసెన్సు ఉండాలి. పాప వాళ్ళ అమ్మ అప్పటికి ఎర్ర పీ మీద ఉంది, కాబట్టి ఆవిడ పనికిరాదు. ఊరి నుంచి వచ్చి మాతో ఉంటున్న తాతగారు ఆర్టీసీలో 28 ఏళ్ళు బస్సు నడిపారు. ఘాట్ రోడ్ల మీద యాభై మందిని దాటించిన మనిషి. కానీ ఆయన లైసెన్సు ఇండియాది, కాబట్టి మనవరాలి పక్క సీట్లో కూర్చోవడానికి ఆయనా పనికిరారు. వెనక సీటే గతి. ఇక నాన్న పొద్దున ఆరు నలభైకి రైలెక్కితే సాయంత్రం ఆరున్నరకి దిగుతారు. శనివారం డాన్సు క్లాసు, ట్యూషను. ఆదివారం గుడి, ఎవరింట్లోనో పుట్టినరోజు.

ఇవన్నీ నిజమే. కానీ అసలు కారణం వేరే ఉంది. దాన్ని ఒప్పుకోవడానికి మాకు చాలాకాలం పట్టింది. కారెక్కితే మా ఇంట్లో గొడవే.

నాన్న పక్క సీట్లో తలుపు పిడి పట్టుకుని కూర్చునేవారు. లేని బ్రేకుని కాలితో తొక్కేవారు. ‘చూసుకో, చూసుకో’ అని అరిచేవారు. ‘చూసుకో అంటే ఏం చూసుకోవాలి నాన్నా? ముందా, పక్కనా, స్పీడా?’ అని పాప అడిగితే, ‘ఎదురు మాట్లాడకు, రోడ్డు చూడు’ అనేవారు. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ, కుడి ఏదో ఎడమ ఏదో తేల్చుకోవడానికి ఒక క్షణం పడుతుంది. ఒకరోజు పెద్ద రౌండబౌట్ దగ్గర నాన్న ‘పో, పో, కుడికి’ అన్నారు. పాప ఎడమకి తిప్పబోయింది. వెంటనే ‘ఆగాగు’ అని కేకేశారు. కారు రౌండబౌట్ మధ్యలో ఆగిపోయింది. వెనకున్న వాహనం అంగుళాల దూరంలో ఆగి హారన్ మోగించింది. పాప పక్క వీధిలో కారు ఆపి, తాళం నాన్న చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళి కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత మూడు వారాలు ఎవరూ ఆ పుస్తకం తెరవలేదు. ‘ఈ వారం టైం లేదు’ అని ఒకరికొకరం చెప్పుకున్నాం. టైం ఉంది. మాకు ధైర్యమే లేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఈ మైకు ముందు చెప్పడానికి మాకు కష్టంగానే ఉంది. గుడిలో నిలబడి సగం కథ చెప్పడం బాగుండదు కనుక చెబుతున్నాం.

జూన్‌లో పాపకి 17 నిండుతాయి. తన స్నేహితులు ఒక్కొక్కరే ఎర్ర పీ తెచ్చుకుంటున్నారు. ఆ మరుసటి ఏడాది హెచ్‌ఎస్‌సీ, ఇక తీరికే ఉండదు. ఒకరోజు ప్రసాదం క్యూలో ఈ మాట చెప్పుకుని బాధపడుతుంటే, మా మంచి కోరే ఒకాయన, ఎవరో అడగకండి, ‘రాసెయ్యండి సార్, ఎవరు చూడొచ్చారు? రెండు మూడు రంగుల పెన్నులు వాడండి, అంతే’ అన్నారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు. ఆయన నోటితో అన్నారు, మేము చేత్తో రాశాం.

ఆ ఆదివారం రాత్రి పిల్ల పడుకున్నాక భోజనాల బల్ల దగ్గర ఇద్దరం కూర్చున్నాం. నీలం పెన్ను, నల్ల పెన్ను, క్యాలెండరు ముందు పెట్టుకున్నాం. గుడికి వెళ్ళిన రోజులు, హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళిన శనివారాలు, బంధువుల ఇళ్ళకి వెళ్ళిన రోజులు వెతికాం. ఆ రోజుల్లో కారు నడిపింది మేము, పాప వెనక కూర్చుని పాటలు విన్నది. అవన్నీ పాప నడిపినట్టు రాశాం. కిలోమీటర్లు తేడా రాకుండా వెనక నుంచి లెక్క కట్టాం. ఒక్క రాత్రిలో 14 గంటలు రాసి సంతకాలు పెట్టాం. ఇంకో నాలుగైదు రాత్రులు కూర్చుంటే పనైపోతుందనుకున్నాం. పైగా స్వామి దర్శనానికి వెళ్ళిన ప్రయాణాలనే దొంగ లెక్కకి వాడుకున్నాం. ఆ సంగతి ఆ పూట మా ఇద్దరికీ తట్టలేదు.

పొద్దున్నే పాప పుస్తకం చూసింది. తను కోప్పడలేదు. ఒక లైను మీద వేలు పెట్టి, ‘నాన్నా, ఈ శనివారం నాకు గుర్తుంది. ఆ రోజంతా వాన. నువ్వేమో పొడి రోడ్డు అని రాశావు’ అంది. నాన్న ఏమీ అనలేదు. పాపే మళ్ళీ అంది: ‘నేను వానలో ఒక్కసారి కూడా నడపలేదు. నాకు రాదు. లైసెన్సొచ్చాక వాన పడితే నేనేం చెయ్యాలి?’

వరండాలో కాఫీ తాగుతున్న తాతగారు ఇదంతా విన్నారు. కాసేపయ్యాక లోపలికొచ్చి కొడుకుతో, ‘ఏరా, మా డిపోలో బండెక్కేముందు, దిగాక కిలోమీటర్లు రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క రోజైనా ఇంట్లో కూర్చుని రాసింది లేదు’ అన్నారు. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. గ్లాసు కడిగి పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ పద్నాలుగు గంటల లైన్లన్నీ స్కేలు పెట్టి కొట్టేశాం. పక్కన ‘ఇవి లెక్కలోకి రావు’ అని రాసి సంతకం పెట్టాం. జూన్‌లో పరీక్ష అనే మాట మర్చిపోయాం.

ఈ 120 గంటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అప్పుడు తెలుసుకున్నాం. మన రాష్ట్రంలో 2007 జూలైకి ముందు ఇవి 50 గంటలే. స్వీడన్‌లో 1993లో నేర్చుకునే వయసు పదిహేడున్నర నుంచి పదహారుకి తగ్గించారు. పిల్లలు ఎక్కువ కాలం, సగటున 120 గంటలకు దగ్గరగా, పెద్దల పక్కన నడిపే వీలు కలిగింది. అలా నేర్చుకున్నవాళ్ళకి ఒంటరిగా నడిపే తొలి రోజుల్లో ప్రమాదాలు బాగా తగ్గాయని అక్కడి పరిశోధకులు చూపించారు. ఎల్ ప్లేటు ఉన్నంతకాలం పక్కన ఒక పెద్ద మనిషి ఉంటారు, కాబట్టి అప్పుడు ప్రమాదం తక్కువే. అసలు గండం ఎర్ర పీ తగిలించుకుని ఒంటరిగా బయటికెళ్ళిన మొదటి కొన్ని నెలల్లో ఉంటుంది. ఈ గంటలు ఆ నెలల కోసం కూడబెట్టుకునేవి. మేము పెన్నుతో రాసిన 14 గంటలంటే, వానలో ఎలా నడపాలో నేర్పకుండానే నేర్పామని సంతకం పెట్టిన 14 గంటలన్నమాట. ఆఫీసువాళ్ళు కనిపెట్టకపోయినా, తడి రోడ్డుకి తెలిసిపోతుంది.

ఇక మేము ఏం చేశామో చెబుతాం. మీకు పనికొచ్చే భాగం ఇదే.

మొదట లెక్క సరిగ్గా వేసుకున్నాం. మిగిలింది 89 గంటలు. చూస్తే కొండలా ఉంది. కానీ నియమాల్లోనే రెండు దారులున్నాయి, మేము వాటిని సరిగ్గా చదవలేదు. లైసెన్సున్న డ్రైవింగ్ మాస్టారి దగ్గర ఒక గంట పాఠం చెప్పించుకుంటే పుస్తకంలో 3 గంటలు రాసుకోవచ్చు. అలా 10 గంటల పాఠాల వరకు, అంటే 30 గంటలు. రెండోది సేఫర్ డ్రైవర్స్ కోర్సు. మొత్తం 5 గంటలు, అందులో 3 గంటలు తోటి పిల్లలతో చర్చ, 2 గంటలు కారులో. దానికి 20 గంటలు కలుస్తాయి. అయితే నిజంగా నడిపిన గంటలు 50 పూర్తయితేనే ఆ కోర్సులో చేర్చుకుంటారు. ఈ రెండూ కలిపితే 50. అంటే 120లో మనం పక్కన కూర్చోవాల్సింది 70. మాకు 31 అయ్యాయి కాబట్టి మిగిలింది 39 గంటలు. వారానికి గంటన్నర చొప్పున ఆరు నెలలు. కొండ కాస్తా గుట్ట అయింది.

మాస్టారి పాఠాలకి ఖర్చవుతుంది, అందరికీ అన్నీ కుదరకపోవచ్చు. కుదిరినన్ని తీసుకోండి. మేము అన్నీ మొదట్లోనే వాడేయలేదు. రౌండబౌట్లకి ఒకటి, రివర్స్ పార్కింగ్‌కి రెండు, మోటార్‌వేలో కలవడానికి ఒకటి, ఇలా పాప ఎక్కడ తడబడితే అక్కడ పెట్టుకున్నాం. ఒక పాఠానికి నాన్న వెనక సీట్లో కూర్చున్నారు. గంటసేపట్లో మాస్టారు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. మలుపు రావడానికి ముందే, ‘వచ్చే సిగ్నల్ దగ్గర లెఫ్ట్, ఇప్పుడు అద్దం చూడు’ అని నెమ్మదిగా చెప్పారు. ఆ పాఠంలో ఎక్కువ నేర్చుకుంది నాన్నే.

రెండోది మాటల ఒప్పందం. కారులో దారి చెప్పేటప్పుడు కుడి, ఎడమ అనకూడదు, లెఫ్ట్, రైట్ అనే చెప్పాలి. భాషాభిమానులు మమ్మల్ని క్షమించాలి, తెలుగు ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. ‘చూసుకో’ అనే మాట పూర్తిగా నిషేధం. ‘ఆపు’ అనే మాట నిజంగా ప్రమాదం ఉంటేనే. తాతగారు వెనక సీట్లోంచి ఒక సూత్రం చెప్పారు: నేర్చుకునేవాళ్ళకి ఒకేసారి రెండు మాటలు చెప్పకూడదు. జరిగిన తప్పు గురించి కారు ఆపాకే మాట్లాడాలి, అదీ ఐదు నిమిషాలే. ఇంకో సంగతి, పక్క సీట్లో కూర్చున్నవారు కూడా ఫోను చేత పట్టుకోకూడదు, అది చట్టం. మేము ‘చిన్న మెసేజే కదా’ అనుకునేవాళ్ళం. ఆ చిన్న మెసేజ్ కూడా మానేశాం.

మూడోది, కొత్త ప్రయాణాలు వెతక్కుండా ఉన్న ప్రయాణాలే తనకి ఇవ్వడం. పొద్దున స్టేషన్‌కి నాన్నని తనే దింపేది. దింపాక కారు వెనక్కి ఎవరు తేవాలి? పక్కన పూర్తి లైసెన్సు మనిషి లేకుండా తను నడపకూడదు కదా. అందుకని అమ్మ వెనక సీట్లో కూర్చుని, స్టేషన్ దగ్గర ఎల్ ప్లేటు తీసి, తన ఎర్ర పీ తగిలించి, పాపని స్కూల్లో దింపేది. చలికాలం పొద్దున కారు చుట్టూ తిరుగుతూ ప్లేట్లు మార్చుకునే మా కుటుంబాన్ని చూసి స్టేషన్‌లో కాఫీ అమ్మే ఆయన నవ్వేవాడు. ఆ పావుగంటలే వారానికి గంట దాటేవి.

నాలుగోది రాత్రి గంటలు. ఇక్కడ మేము చేసిన పెద్ద పొరపాటు చెబుతాం, మీరు చేయకండి. డిసెంబరులో మనకి పొద్దు గుంకేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. అప్పుడు రాత్రి గంటలు కావాలంటే పిల్ల నిద్ర పాడు. జూన్, జూలైల్లో సాయంత్రం ఐదుకే పొద్దు పోతుంది. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పిన రోజు నుంచి రాత్రి గంటల పంట అనుకోండి. మొదటి జూన్, జూలై ఊరికే పోగొట్టుకున్నాం. రెండోసారి వదల్లేదు. నాన్న రైలు దిగగానే స్టీరింగ్ పాపదే. కూరగాయలకి, లైబ్రరీకి, శుక్రవారం గుడికి, అన్నీ దీపాలు వెలిగాకే. మిగిలిన 18 రాత్రి గంటలూ ఆగస్టు లోపే అయిపోయాయి.

ఐదోది ఈ గుడి చేసిన సాయం. మన సభ్యుల్లోనే ఒక కుటుంబం, వాళ్ళ అబ్బాయిదీ ఇదే అవస్థ. తండ్రీకొడుకులు కారెక్కితే మాటామాటా. ఆవిడ ఒకరోజు, ‘వదినా, మీ అమ్మాయి పక్కన నేను కూర్చుంటా, మా వాడి పక్కన అన్నయ్యగారు కూర్చుంటారా?’ అంది. పిల్లల్ని మార్చుకున్నాం. ఆశ్చర్యం ఏమిటంటే, పరాయి పిల్లాడి పక్కన నాన్న తలుపు పిడి పట్టుకోలేదు, గొంతు పెంచలేదు. అత్తయ్య పక్కన పాప విసుక్కోలేదు. మన పిల్లల దగ్గర లేని ఓర్పు పక్కింటి పిల్లల దగ్గర ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ భగవంతుడికే తెలియాలి. ఒక్క జాగ్రత్త: కారు బీమా లెర్నర్లకి వర్తిస్తుందో లేదో, ఎంత వరకు వర్తిస్తుందో ముందే అడిగి తెలుసుకోండి. మార్చుకునే ముందు రెండు కుటుంబాలూ ఆ సంగతి మాట్లాడుకోవాలి.

సెప్టెంబరులో ఒక శనివారం హెలెన్స్‌బర్గ్ బయల్దేరాం. బయల్దేరేటప్పుడే మబ్బు. నాన్న ‘ఇవాళ నేను నడుపుతాలే’ అనబోయి ఆగారు. పాప తాళం తీసుకుంది. ఎం5 దాకా తుంపర. హీత్‌కోట్ రోడ్డు ఎక్కేసరికి కుండపోత. ఆ రోడ్డు తెలిసినవాళ్ళకి తెలుసు, అడవి మధ్యలో వంపులు, ఎత్తుపల్లాలు. వైపర్లు ఎంత తిరిగినా అద్దం ఆగట్లేదు. పాప లైట్లు వేసింది, వేగం తగ్గించింది. మామూలుగా ముందు కారుకీ మనకీ మూడు సెకన్ల దూరం ఉండాలంటారు. పాప అంతకన్నా ఎక్కువ వదిలింది. వెనక ఎవరో తొందరపెట్టినా లెక్కచేయలేదు. కారులో ఒక్కరం మాట్లాడలేదు. తాతగారు కళ్ళు మూసుకున్నారు. భయపడ్డారేమో అనుకున్నాం. తర్వాత అడిగితే, ‘పిల్ల బాగా తోలుతోంది, ఇంక నేను చూడ్డం ఎందుకు’ అన్నారు.

గుడి దగ్గర కారు ఆపి, దిగకముందే పాప పుస్తకం తీసింది. వాతావరణం గడిలో ‘వాన’ అని రాసి నాన్నకి ఇచ్చింది. నాన్న సంతకం పెట్టారు. ఆ పుస్తకంలో అన్ని సంతకాలు పెట్టాం కానీ, చెయ్యి వణికింది ఆ ఒక్క దగ్గరే. తడి బట్టలతోనే లోపలికి వెళ్ళి స్వామికి దణ్ణం పెట్టుకున్నాం. ఏమని మొక్కుకున్నామో వేరే చెప్పక్కర్లేదు.

నవంబరులో పుస్తకం నిండింది. మొత్తం 127 గంటలు. మొదటిసారి పరీక్ష తప్పింది. స్టాప్ గుర్తు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగలేదట. మేము కంగారు పడ్డాం గానీ, పాప ‘నిజమే, ఆగలేదు’ అంది. డిసెంబరులో పాసైంది. లైసెన్సు మీద తను గర్వపడిన దానికన్నా ఎక్కువ ఆ పుస్తకం చూసి మేము గర్వపడుతున్నాం. కొట్టేసిన పేజీలతో సహా దాన్ని దాచుకున్నాం.

ఆ సాయంత్రం మొదటిసారి ఒంటరిగా బయటికెళ్ళింది. పది నిమిషాల దూరంలో ఉన్న స్నేహితురాలి ఇంటికే. నాన్న గేటు దగ్గర నిలబడ్డారు. అమ్మ పూజ గదిలో దీపం పెట్టింది. వాన పడుతోంది. ఆ పది నిమిషాల్లో మేము ఒకరితో ఒకరం ఒక్క మాటే అనుకున్నాం: ‘వానలో నడపడం తనకి వచ్చు.’ ఆ మాట నిజం కావడానికే మాకు ఏడు నెలలు ఎక్కువ పట్టింది. పెన్నుతో రాసి ఉంటే, ఆ పది నిమిషాలు గేటు దగ్గర ఎలా నిలబడేవాళ్ళమో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక్కడున్న ఆడపిల్లలకి, కొత్తగా వచ్చిన కోడళ్ళకి ఒక మాట. 25 దాటినవారికి లాగ్ బుక్ అక్కర్లేదు. పుస్తకం అక్కర్లేదు కాబట్టి సాధన కూడా అక్కర్లేదని పాప వాళ్ళ అమ్మ అనుకుంది, మూడోసారికి గానీ పాసవలేదు. పుస్తకం లేకపోయినా గోడ క్యాలెండర్ మీద గంటలు గుర్తు పెట్టుకోండి. తల్లిదండ్రులకి ఇంకో మాట. మన రాష్ట్రంలో లెర్నర్ లైసెన్సు 5 ఏళ్ళు చెల్లుతుంది. పదిహేడో పుట్టినరోజు నాడే పీ ప్లేటు రావాలని ఎక్కడా రాసిలేదు. ఆ తొందర మనది, పక్కింటివాళ్ళని చూసి తెచ్చుకున్నది.

చివరగా ఒక విన్నపం. పూర్తి లైసెన్సున్న పెద్దలు ఈ హాల్లో ఎంతోమంది ఉన్నారు. ఇంట్లో పక్కన కూర్చునేవారు లేక 30 గంటల దగ్గరో 40 గంటల దగ్గరో ఆగిపోయిన పిల్లలూ ఉన్నారు. ఆ పిల్లల ఇళ్ళలో కూడా ఏదో ఒక ఆదివారం రాత్రి భోజనాల బల్ల మీదికి రెండు రంగుల పెన్నులు వస్తాయి. అవి రాకముందే మనం వెళ్దాం. కమిటీవారిని అడిగి ప్రసాదం కౌంటర్ పక్కన ఒక కాగితం పెట్టించాం. ఒకవైపు కూర్చోగలిగినవారి పేర్లు, ఇంకోవైపు అవసరం ఉన్న కుటుంబాల పేర్లు. మొదటి పేరు పాప వాళ్ళ నాన్నది. ఆయన ఇప్పుడు అరవరు, హామీ మాది. అమ్మ ఇంకా పచ్చ పీ మీదే ఉంది, పూర్తి లైసెన్సు రాగానే ఆవిడ పేరు కూడా చేరుతుంది. నెలకి రెండు గంటలు ఇవ్వగలిగినా రాయండి.

గుడికి రావడం, పోవడం కూడా గంటలే. రేపటి నుంచి మన పార్కింగ్‌లో పసుపు ప్లేట్లు ఎక్కువ కనిపించాలని కోరుకుంటున్నాం. అవి కనిపించినప్పుడు దయచేసి హారన్ కొట్టకండి, కాస్త దారి ఇవ్వండి. ఆ స్టీరింగ్ వెనక మన పిల్లలే ఉంటారు.

 పులిహోర చల్లారిపోతోంది, పదండి.